లాన్‌లో ఎర్రటి తేనెటీగలు: బ్రిటన్‌లో వీటిని రికార్డు చేయడం ఎలా, ఎందుకు

పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పిలవకండి. ముందు ఆ మాట చెప్పి మిగతా వాటికి వస్తాను.

మీరు అడిగింది ఇదీ. రెడింగ్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నారు. ఏప్రిల్ మొదలైనప్పటి నుంచి వెనక లాన్‌లో చిన్న చిన్న మట్టి గుట్టలు లేస్తున్నాయి. వాటి నడిమి కన్నాల్లోంచి ఎర్రటి బొచ్చు తేనెటీగలు వచ్చి పోతున్నాయి. పిల్లలు ఆడుకునే చోటు కాబట్టి టెన్షన్‌గా ఉంది. పక్కింటావిడేమో వీటిని రికార్డు చేయండి, పనికొస్తుంది అంటున్నారు. ఆ రికార్డు చేయడం అంటే ఏమిటి, జీవశాస్త్రం చదవనివాళ్ళు చేయొచ్చా, చేసినదాన్ని ఎవరైనా చూస్తారా, దానివల్ల ఆ ఈగలకు ఒరిగేదేమైనా ఉందా అని మీ సందేహం. నేను ఇంగ్లండ్‌లో ఉంటూ చాలా ఏళ్ళుగా ఈ పనిని స్వచ్ఛందంగా చేస్తున్నాను. బతుకుతెరువు ఉద్యోగం వేరే. మీలాగే ఏమీ తెలియకుండా మొదలుపెట్టినవాణ్ణే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీ ఫోటోలో ఉన్నది టానీ మైనింగ్ బీ. శాస్త్రీయ నామం ఆండ్రెనా ఫుల్వా. వీపంతా నక్కరంగు బొచ్చు, ముఖమూ కాళ్ళూ కిందివైపూ నల్లగా ఉండేది ఆడది. బ్రిటన్‌లో ఫోటో చూసి ధైర్యంగా పేరు చెప్పగలిగే ఒంటరి తేనెటీగల్లో ఇదొకటి. ఒంటరి అని ఎందుకంటున్నానంటే, వీటికి రాణి లేదు, పట్టు లేదు, తేనె నిల్వ లేదు. ప్రతి ఆడ ఈగా తన కన్నం తానే తవ్వుకుని, లోపల గదులు కట్టి, ఒక్కో గదిలో పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద పెట్టి, దాని మీద ఒక గుడ్డు పెట్టి మూసేస్తుంది. నేల నచ్చింది కాబట్టి పక్కపక్కనే చేరాయి తప్ప అదంతా ఒక తుట్టె కాదు. కాపాడుకోవాల్సిన తుట్టె లేదు కాబట్టి మీదపడి కుట్టే స్వభావమూ లేదు. మగవాటికి అసలు ముల్లే ఉండదు. ఆడదాన్ని చేత్తో నలిపితేనో, ఒట్టి కాలితో తొక్కితేనో తప్ప కుట్టదు. పిల్లలకు చెప్పులు వేయండి, చాలు. ఇంట్లో ఎవరికైనా తేనెటీగ కుడితే ప్రాణం మీదికొచ్చేంత అలర్జీ ఉంటే మాత్రం ఆ మూలకు వెళ్ళకుండా చూసుకోండి. జూన్ ముగిసేసరికి ఒక్కటీ కనబడదు. గుట్టలు వానకు కరిగిపోతాయి, గడ్డికి ఏమీ కాదు. ల్యాండ్‌లార్డ్ అడిగితే ఈ మాటే చెప్పండి.

ఎండ కాసే రోజు చూసి ఒక గుట్ట దగ్గర ఓ పావుగంట కదలకుండా కూర్చోండి. మీ నీడ కన్నం మీద పడకూడదు. ఈగ వెనక కాళ్ళ నిండా పుప్పొడితో వస్తుంది, కన్నం పైన అటూ ఇటూ ఊగి గుర్తు పట్టుకుంటుంది, తల ముందు పెట్టి దూరిపోతుంది. కొంతసేపటికి ఇంకో శాల్తీ వస్తుంది. బొచ్చు లేకుండా నున్నగా, ఎర్ర గోధుమరంగు మీద పసుపు మచ్చలతో, చూడటానికి కందిరీగలా ఉంటుంది. గడ్డి మీద బెత్తెడెత్తున తచ్చాడుతూ ఒక్కో కన్నంలోకీ తొంగి చూస్తుంది. అది నొమాడా. అదీ తేనెటీగే, కాకపోతే కష్టపడి పుప్పొడి తేదు. ఇంటావిడ లేనప్పుడు దూరి ఆ గదిలో తన గుడ్డు పెట్టి పోతుంది. దాని పిల్ల ఇంటి గుడ్డును చంపి ముద్ద తినేస్తుంది. అదృష్టం బాగుంటే మూడోదీ కనబడుతుంది: ముందు సూదిలా పొడుచుకొచ్చిన మూతి, గోధుమరంగు బొచ్చు, రెక్కల ముందంచున నల్లటి పట్టీ. దాన్ని బీ-ఫ్లై అంటారు. అది తేనెటీగ కాదు, మామూలు ఈగల జాతిది, కుట్టదు. గాల్లో నిలబడి పొట్ట చివరను కన్నం వైపు విదిలిస్తూ ఉంటే గుడ్లు విసురుతోందని అర్థం. విసిరేముందు ఆ గుడ్లకు ఇసుక పూత పెట్టుకోవడానికి నేల మీద వాలి తోక ఆడిస్తుంది. మీ లాన్‌లో అడుగు మేర నేలలో ఇంత నడుస్తోంది. నొమాడా, బీ-ఫ్లై వస్తే తేనెటీగలకు కీడు అనుకోవద్దు. అవి వచ్చాయంటే వాటిని పోషించగలిగినన్ని తేనెటీగలు అక్కడ నిలదొక్కుకున్నాయనే.

ఇక రికార్డు సంగతి. ఇది చాలా చిన్న విషయం: ఏది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు. ఈ నాలుగూ ఉంటే అది రికార్డు. ఒకటి లేకపోయినా అది మంచి ఫోటోగానే మిగిలిపోతుంది. ఎప్పుడు అంటే తేదీ, నెల, సంవత్సరం పూర్తిగా. ఎక్కడ అంటే బ్రిటన్‌లో ఆర్డ్‌నెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ పటాల సంస్థ) గ్రిడ్ నంబరు. దేశమంతటినీ వంద కిలోమీటర్ల గళ్ళుగా కోసి ఒక్కో గడికి రెండక్షరాలు ఇచ్చారు. మీ రెడింగ్ ఎస్‌యు గడిలో పడుతుంది. ఆ అక్షరాల తర్వాత ఆరంకెలు వేస్తే వంద మీటర్ల చదరం, ఎనిమిది వేస్తే పది మీటర్ల చదరం. మీరు దీన్ని లెక్క కట్టనక్కర్లేదు, రికార్డులు పంపే యాప్‌లో మ్యాప్ మీద వేలు పెడితే అదే వేసుకుంటుంది. వేలు సరైన చోట పెట్టారా లేదా చూసుకోవడమే మీ పని. ఇంటి చిరునామా బయటపడుతుందని అనుమానముంటే నాలుగంకెలతో కిలోమీటరు చదరం ఇవ్వండి, చాలా ప్రయోజనాలకు అది సరిపోతుంది.

కష్టమంతా "ఏది" దగ్గరే. బ్రిటన్‌లో తేనెటీగల జాతులు 270కి పైగా ఉన్నాయి. అందులో తేనె కోసం పెంచేది ఒక్కటే. బంబుల్‌బీలు, అంటే లావుగా, ఒళ్ళంతా బొచ్చుతో ఉండే తేనెటీగలు, 24. మిగతావి దాదాపు అన్నీ మీ లాన్‌లోని దాని చుట్టాలు, ఒంటరివి. ఇంగ్లండ్ వచ్చిన కొత్తల్లో మనవాళ్ళందరం ఒకే పొరపాటు చేస్తాం. పసుపు, నలుపు చారలు కనిపిస్తే తేనెటీగ అనేస్తాం. అలా పూల మీద వాలేవాటిలో చాలా హోవర్‌ఫ్లైలు, అంటే వేషం వేసుకున్న ఈగలు. వాటికి రెక్కలు ఒకే జత. కళ్ళు తలనంతా ఆక్రమించి ఉంటాయి, మీసాలు కనీ కనబడకుండా పొట్టిగా ఉంటాయి. తేనెటీగకు రెండు జతల రెక్కలు, పొడుగు మీసాలు, కళ్ళు పక్కలకు. ముందు ఈ తేడా కంటికి అలవాటు కావాలి. దీనికి ఒక వేసవి పడుతుంది, తొందరేమీ లేదు.

తర్వాతి మెట్టు, తెలిసినంత వరకే పేరు పెట్టడం. ఈ ఒక్కటి నేర్చుకుంటే మీ రికార్డులను వెరిఫై చేసేవాళ్ళు మీకు దండం పెడతారు. ఉదాహరణకు పార్కులో అన్నిచోట్లా కనిపించే తెల్లతోక బంబుల్‌బీ కూలి ఈగలు. బఫ్ టెయిల్డ్ అనే బాంబస్ టెరెస్ట్రిస్, వైట్ టెయిల్డ్ అనే బాంబస్ లూకోరం, ఈ రెండిటి కూలి ఈగలనూ బయట కంటితో చూసి నమ్మకంగా విడదీయలేం. పైగా ఆ లూకోరం అన్నదే మూడు జాతుల కలగలుపు, వాటిని తేల్చాలంటే డీఎన్‌ఏ పరీక్ష కావాలి. అందుకే యాప్‌లో వీటన్నిటినీ కలిపి ఎంచుకునే ఆప్షన్ ఒకటి ఉంటుంది. దాన్నే నొక్కండి. "ఆండ్రెనా, జాతి తెలియదు" అని రాసినా తప్పు లేదు. ఊహించి రాసిన పేరు మాత్రం పటంలో చుక్కగా పడితే పదేళ్ళ తర్వాత ఎవరో దాని మీద లెక్కలు కడతారు.

ఫోటో తీసేటప్పుడు అందమైన ఒక్క ఫోటో కోసం చూడకండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖం ఒకటి, వెనక కాలు ఒకటి. వెనక కాలు ఎందుకంటే, సొంతంగా గూడు కట్టుకునే బంబుల్‌బీ ఆడదానికి అక్కడ నున్నగా మెరిసే బుట్ట లాంటి భాగం ఉంటుంది, అందులో పుప్పొడి నింపుకుంటుంది. ఇతరుల గూళ్ళలో దూరే కుకూ బంబుల్‌బీలకు ఆ బుట్ట ఉండదు, కాలంతా బొచ్చే. ముఖం రంగుతోనూ చాలా తేలుతుంది. మార్చిలో మీ చుట్టుపక్కల తోటల్లో హడావిడిగా తిరిగే హెయిరీ ఫుటెడ్ ఫ్లవర్ బీనే తీసుకోండి. ఆడది నల్లగా, వెనక కాళ్ళ మీద నారింజరంగు బొచ్చుతో ఉంటుంది. మగది గోధుమరంగు, ముఖం పసుపు. రెండూ ఒకే జాతి అంటే మొదటిసారి ఎవరూ నమ్మరు. కదిలేవాటిని పట్టడానికి మూత ఉన్న పారదర్శకమైన చిన్న డబ్బా ఒకటి జేబులో ఉంచుకోండి. నాలుగు ఫోటోలు తీసి అక్కడే వదిలేయండి. ఎండలో డబ్బా పెట్టి మర్చిపోవద్దు.

పంపడానికి నేనైతే ఐరికార్డ్ చెప్తాను. ఉచితం, ఫోన్‌లోనూ పనిచేస్తుంది. దీని వెనక ఉన్నది బయలాజికల్ రికార్డ్స్ సెంటర్. 1964లో మంక్స్ వుడ్ అనే చోట మొదలై ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని వాలింగ్‌ఫర్డ్ నుంచి నడుస్తోంది. తేనెటీగలు, కందిరీగలు, చీమలు ఈ మూడింటికీ కలిపి బీవార్స్ అనే సంఘం ఉంది. పూర్తి పేరు బీస్, వాస్ప్స్ అండ్ యాంట్స్ రికార్డింగ్ సొసైటీ. మీ రికార్డు చేరాక ఆ జాతి తెలిసిన మనిషి ఒకరు మీ ఫోటో తెరిచి చూస్తారు. సరే అని టిక్ పెడతారు, లేదా ఇంకో కోణం ఫోటో ఉందా అని అడుగుతారు, లేదా ఇది ఫలానాది అని దిద్దుతారు. వాళ్ళూ జీతం లేకుండా రాత్రిళ్ళు కూర్చుని చేసేవాళ్ళే. ఆలస్యమైతే కోపం తెచ్చుకోకండి, దిద్దితే నొచ్చుకోకండి. నేను నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఆ దిద్దుబాట్ల వల్లే. ఐనాచురలిస్ట్ అనే, ప్రపంచమంతా వాడే ఇలాంటి యాప్ అలవాటు ఉంటే దాన్నే వాడొచ్చు, అయితే ఒకే ఈగను రెండుచోట్లా ఎక్కించకండి, లెక్క రెండు పడుతుంది. గుర్తు పట్టడానికి సాయం కావాలంటే స్టీవెన్ ఫాక్ అనే నిపుణుడు ఫ్లికర్‌లో బ్రిటన్ తేనెటీగల ఫోటోలను జాతివారీగా పెట్టాడు. డబ్బు కట్టకుండా దొరికేవాటిలో అంతకన్నా మంచిది నేను చూడలేదు.

మీరు అడిగిన అసలు ప్రశ్న, ఇదంతా ఎవరైనా చూస్తారా అన్నది. చూస్తారు. 2019లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 1980 నుంచి 2013 దాకా బ్రిటన్‌లోని 353 జాతుల అడవి తేనెటీగలు, హోవర్‌ఫ్లైల స్థితిని లెక్క కట్టారు. మూడోవంతు జాతులు ఉండే ప్రాంతం తగ్గిపోయింది. పదోవంతు జాతులకు పెరిగింది. ఆ లెక్కకు ముడిసరుకు ఏడు లక్షలకు పైగా రికార్డులు, వాటిని చేర్చినవాళ్ళలో ఎక్కువమంది మీలాంటి, నాలాంటి మామూలు మనుషులు. అంతకు మూడేళ్ళ ముందు, 2016లో, ఆవ పంటకు దగ్గరి చుట్టమైన ఆయిల్‌సీడ్ రేప్ విత్తనాలకు పట్టించే నియోనికోటినాయిడ్ పురుగుమందుల ప్రభావాన్ని 62 జాతుల అడవి తేనెటీగల మీద 18 ఏళ్ళ రికార్డులతో పరిశీలించారు. ఆ పంట పూల మీద ఆధారపడే జాతులు మిగతావాటికన్నా దెబ్బతిన్నాయని తేలింది. 2018లో ఆరుబయట పంటలకు ఆ మందుల్లో మూడింటిని యూరప్ నిషేధించినప్పుడు బ్రిటన్ కూడా మద్దతిచ్చింది. తర్వాత చక్కెరదుంప పంట కోసం అత్యవసర అనుమతి పేరుతో ఏటా తలుపు తెరుస్తూ వచ్చి, 2025లో ఆ అనుమతి నిరాకరించారు. ఇలాంటి వాదన ప్రభుత్వం ముందు నిలబడాలంటే చేతిలో ఏళ్ళ తరబడి చుక్కలు ఉండాలి. ల్యాబులో పరీక్ష చేసి అందరి పొలాల్లో జరిగింది చెప్పలేరు.

ఇక్కడ నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది. మామూలువాటిని రాయండి. అరుదైనది కనిపిస్తేనే రాద్దాం అనుకుంటే ఈ లెక్కలు నడవవు. కారణం చెప్తాను. ఒక కిలోమీటరు చదరానికి ఎవరో వెళ్ళి ఆ రోజు కనిపించిన ఐదు మామూలు జాతులూ రాశారనుకోండి. 1980లలో అక్కడ ఉన్న ఆరో జాతి ఆ జాబితాలో లేదు. అలాంటి జాబితాలు చాలామందివి, చాలా ఏళ్ళవి పోగుపడితే, ఆ ఆరోది నిజంగా తగ్గిందా అన్నది తేల్చవచ్చు. ఆ ఐదూ రాయకపోతే? అక్కడికి ఎవరూ వెళ్ళలేదో, వెళ్ళినా కనబడలేదో చెప్పే దారి లేదు. ఖాళీ గడి ఖాళీగానే ఉంటుంది. కాబట్టి మీ లాన్‌లో టానీ మైనింగ్ బీ, లావెండర్ మీద మామూలు కార్డర్ బీ, గోడ కన్నంలో రెడ్ మేసన్ బీ, ఇవన్నీ ప్రతి ఏడూ రాయండి. నిరుడు రాశాం కదా అని మానకండి. ఒకే చోటు నుంచి ఏటేటా వచ్చే రికార్డు, కొత్త కొత్త చోట్ల తిరిగి పట్టిన పది అరుదైన వాటికి తీసిపోదు.

మామూలు జనం రికార్డుల వల్లే రెండు జాతుల రాకను మొదటి నుంచీ పటం మీద చూడగలిగాం. ట్రీ బంబుల్‌బీ 2001లో విల్ట్‌షైర్‌లో మొదటిసారి కనిపించింది. గోధుమరంగు వీపు, నల్ల పొట్ట, తెల్ల తోక, పొరబడే అవకాశమే లేదు. అది పిట్టల కోసం గోడకు కొట్టిన చెక్కపెట్టెల్లో గూడు పెడుతుంది. వేసవి మొదట్లో మగవి ఆ పెట్టె ముందు గుంపుగా ఎగురుతాయి, జనం భయపడి మందు కొట్టిస్తారు. అవి ముల్లు లేని మగవని తెలిస్తే ఆ అవసరం రాదు. రెండోది ఐవీ బీ. శాస్త్రవేత్తలు దాన్ని వేరే జాతిగా గుర్తించిందే 1993లో. అదీ 2001లోనే డోర్సెట్ తీరంలోని లాంగ్టన్ మాట్రావర్స్‌లో దొరికింది. బీవార్స్ జనాన్ని అడిగి మరీ దాని పటం గీయించింది, ఇప్పుడు ఇంగ్లండ్, వేల్స్‌లలో చాలా మేర పాకింది. సెప్టెంబరులో మీ వీధిలో ఐవీ తీగ పూసినప్పుడు నారింజరంగు ఛాతీ, పసుపు పట్టీల పొట్టతో గుంపులుగా వాలేవి అవే.

పోయినవాటి సంగతీ చెప్పాలి. షార్ట్ హెయిర్డ్ బంబుల్‌బీ చివరిసారి కనిపించింది 1988లో కెంట్ తీరంలోని డంజెనెస్ దగ్గర. 2000లో బ్రిటన్‌లో అంతరించిందని ప్రకటించారు. 2012 నుంచి స్వీడన్ నుంచి రాణులను తెచ్చి అక్కడే వదిలారు. దానికోసం చుట్టుపక్కల రైతులతో మాట్లాడి పూల మైదానాలు పెంచితే, వాటివల్ల అక్కడి ఇతర అరుదైన బంబుల్‌బీలు పుంజుకున్నాయి. గ్రేట్ యెల్లో అనే అందమైన బంబుల్‌బీ ఇప్పుడు స్కాట్లండ్ ఉత్తర తీరంలో, ఆర్క్‌నీ, అవుటర్ హెబ్రిడీస్ లాంటి దీవుల్లో తప్ప మిగల్లేదు. సిక్స్ బాండెడ్ నొమాడా అనే జాతి దేశం మొత్తం మీద దక్షిణ డెవన్ తీరంలోని ఒక చిన్న ముక్కలో బతుకుతోంది, ఎందుకంటే అది ఆధారపడే పొడుగు మీసాల తేనెటీగ అక్కడ పెద్ద గుంపుగా మిగిలింది. వీటన్నిటి వెనకా ఒకే కారణం పెద్దది. 1930ల నుంచి 1980ల మధ్య ఇంగ్లండ్, వేల్స్‌లలో పాత పూల గడ్డిమైదానాల్లో 97 శాతం దున్నేశారు లేదా ఎరువులు చల్లి గడ్డినేలలుగా మార్చేశారు. పూలు పోతే పూలను నమ్ముకున్నవి పోతాయి.

రికార్డు చట్టం దాకా వెళ్ళిన ఉదాహరణ కావాలంటే ఎసెక్స్‌లోని కాన్వీ విక్ చూడండి. థేమ్స్ నదిలోంచి తవ్విన ఇసుకను పరిచి, చమురు శుద్ధి కర్మాగారం కోసం ట్యాంకుల పునాదులు వేసి, 1970లలో మధ్యలో వదిలేసిన స్థలం. చూసినవాళ్ళు బంజరు అనుకున్నారు. కీటకాలు తెలిసినవాళ్ళు వెళ్ళి ఒక్కొక్కటే రాస్తే, దేశంలో ఇంకెక్కడా లేనంత దట్టంగా అరుదైన పురుగులు, ష్రిల్ కార్డర్ బీ లాంటి తేనెటీగలు బయటపడ్డాయి. 2005లో దాన్ని ప్రత్యేక శాస్త్రీయ ప్రాముఖ్యం ఉన్న స్థలంగా ప్రకటించారు. ప్రధానంగా కీటకాల కోసం అలా రక్షణ పొందిన మొదటి పాడుబడ్డ పారిశ్రామిక స్థలం అదే. కెంట్‌లో స్వాన్స్‌కూంబ్ ద్వీపకల్పం మీద పెద్ద థీమ్ పార్కు కడతామన్నప్పుడూ అక్కడి కీటకాల జాబితానే అడ్డం నిలిచింది. 2021లో రక్షణ వచ్చింది, మరుసటి ఏడు కంపెనీ దరఖాస్తు వెనక్కి తీసుకుంది. పచ్చగా దున్నిన పొలం కన్నా పాత కర్మాగారపు ఇసుకనేల తేనెటీగలకు మేలు అని ఈ దేశంలో అధికారులకు నమ్మకం కలిగించింది ఈ జాబితాలే.

రికార్డుల కోసం తేనెటీగలను చంపుతారట కదా అని మీరు అడగలేదు కానీ, కాస్త లోపలికి వెళ్తే ఎవరో చెప్తారు, మీరు బాధపడతారు. నిజమే, చిన్న నల్లటి లాసియోగ్లోసం జాతుల్లాంటివి మైక్రోస్కోపు కింద తప్ప తేలవు. నిపుణులు ఒకటీ రెండూ పట్టి గుండుసూదికి గుచ్చి దాస్తారు. ఇందులో నాకు ఇబ్బంది లేదని చెప్పను, కానీ ఏ జాతి ఎక్కడుందో మనకు తెలిసిందంటే మ్యూజియం సొరుగుల్లోని ఆ నమూనాల వల్లే. మొదలుపెట్టేవాళ్ళకు దాని అవసరం అసలు లేదు. ఫోటోతో తేలే జాతులే ఏళ్ళకు సరిపడా ఉన్నాయి.

కొంచెం పద్ధతిగా చేయాలనిపిస్తే రెండు దారులున్నాయి. మొదటిది ఫిట్ కౌంట్, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. వాన లేని వెచ్చటి రోజు, అర మీటరు చదరం పూలముక్క ముందు కూర్చుని పది నిమిషాల్లో వాలిన ప్రతి పురుగునూ లెక్కపెట్టాలి. జాతి పేర్లు అక్కర్లేదు. బంబుల్‌బీ, ఒంటరి తేనెటీగ, హోవర్‌ఫ్లై, సీతాకోకచిలుక, ఇలా గుంపులవారీగా చాలు. పిల్లలతో చేయడానికి ఇంతకన్నా మంచిది లేదు, ఏడెనిమిదేళ్ళ పిల్లలు పెద్దవాళ్ళకన్నా బాగా లెక్కపెడతారు. రెండోది బంబుల్‌బీ కన్జర్వేషన్ ట్రస్ట్ నడిపే బీవాక్. మార్చి నుంచి అక్టోబరు దాకా నెలకొకసారి, ఒకే దారిలో కిలోమీటరు, రెండు కిలోమీటర్లు నడిచి కనిపించిన బంబుల్‌బీలను రాయడం. దీనికి జాతులు గుర్తుపట్టడం రావాలి కాబట్టి వచ్చే ఏడు మొదలుపెట్టండి. ఈ రెండిటిలో ఎంత సేపు చూశారో కూడా నమోదవుతుంది, కాబట్టి "ఏమీ కనబడలేదు" అన్నదీ విలువైన రికార్డే. ఆ సున్నాలు పంపడం మానకండి.

ఒక్క దాని విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు: ఏషియన్ హార్నెట్. 2004లో ఫ్రాన్స్‌లో పడింది, 2016లో గ్లాస్టర్‌షైర్‌లోని టెట్‌బరీలో బ్రిటన్‌లో మొదటిసారి తేలింది. తేనెటీగలను గాల్లోనే పట్టి తినే పెద్ద కందిరీగ. ఒళ్ళు నల్లగా, పొట్ట చివరి వైపు ఒక నారింజ పసుపు పట్టీ, కాళ్ళ చివరలు పసుపుసాక్సు తొడిగినట్టు ఉంటాయి. ఇక్కడి సొంత హార్నెట్ దీనికన్నా పెద్దది, పొట్ట ఎక్కువగా పసుపు, దానికి హాని చేయకండి. అనుమానం వస్తే ఫోటో తీసి ఏషియన్ హార్నెట్ వాచ్ యాప్‌లో వెంటనే పంపండి. గూడు దగ్గరికి మాత్రం పోవద్దు.

ఇక వాటికోసం మీరు చేయగలిగింది. అద్దె ఇంట్లోనూ చేయొచ్చు. ఆ లాన్ మూలను మే నెలంతా కోయకుండా వదలండి, డాండెలైన్, క్లోవర్ పూయనివ్వండి. గడ్డి పలచగా ఉండి మట్టి కనిపించే ఎండ ముక్కను కప్పేయకండి, కొత్త టర్ఫ్ పరవకండి. ఈ దేశపు తేనెటీగల్లో ఎక్కువ జాతులు నేలలో గూడు కట్టేవే, వాటికి పూలెంత అవసరమో ఒట్టి మట్టీ అంతే అవసరం. షాపుల్లో అమ్మే వెదురుగొట్టాల బీ హోటళ్ళు మేసన్, లీఫ్ కట్టర్ లాంటి కొన్ని జాతులకే పనికొస్తాయి. కొంటే వెనక మూసి ఉన్నది కొనండి, ఏటా శుభ్రం చేయండి, లేకపోతే రోగాలు ముదురుతాయి. నర్సరీలో కొన్న మొక్కకు మందు కొట్టారో లేదో అడగండి. తేనెటీగలను కాపాడాలని తేనెపెట్టె కొనాలనుకుంటే మాత్రం వద్దంటాను. తేనెటీగల పెంపకం మంచి పని, కానీ అది పశుపోషణ. పూలు తక్కువగా ఉన్న ఊళ్ళో ఒక పెట్టెలోని వేలకొద్దీ ఈగలు వచ్చి పడితే మీ లాన్‌లోని ఆ ఎర్రదానికి మిగిలేది తగ్గుతుంది.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ అలవాటు మానకండి. బంబుల్‌బీ మన మైదానాల్లో లేదు గానీ, కందిచేలో పూత మీద తిరిగే తుమ్మెదలు, ఆకులు గుండ్రంగా కోసుకెళ్ళే లీఫ్ కట్టర్‌లు ఉన్నాయి. బ్రిటన్‌లో ఉన్నంత దట్టమైన రికార్డుల పటం మన జిల్లాలకు లేదు. ఐనాచురలిస్ట్ అక్కడా పనిచేస్తుంది. గుంటూరు జిల్లాలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఒక చేను గట్టు మీద తీసిన నాలుగు ఫోటోలకు ఇక్కడి నలభై ఫోటోలంత విలువ ఉంటుంది.

ప్రస్తుతానికి ఈ శనివారం ఎండ ఉంటే ఇంత చేయండి. పదకొండు గంటల వేళ గుట్టల దగ్గర కూర్చోండి, ఎన్ని కన్నాలున్నాయో లెక్కపెట్టండి, టానీకి నాలుగు ఫోటోలు, నొమాడా వస్తే దానికీ నాలుగు. నొమాడాకు జాతి పేరు రాయకుండా నొమాడా అని వదిలేయండి, వెరిఫయర్ చూసుకుంటారు. కామెంట్ల పెట్టెలో "లాన్‌లో గూళ్ళు, ఇన్ని కన్నాలు" అని రాయండి, గూడు సమాచారం ఉన్న రికార్డులు తక్కువగా వస్తాయి. ఎక్కడైనా ఆగిపోతే ఫోటోలు ఇక్కడే పెట్టండి, నేను చూస్తాను.